కోపం పోతే కట్టే కోడె

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కని ఇల్లు కరీంనగర్ చుట్టుపక్కల వెతికినా దొరకదు. పిల్లలు పుడితే కోడెను కడతామని మొక్కుతారు, రోగం తగ్గితే అని మొక్కుతారు, బావిలో నీళ్లు పడితే అని మొక్కుతారు. ఆ మొక్కులన్నింటికీ ఒక సుఖం ఉంది. పిల్ల పుట్టిందో లేదో కళ్లకు కనిపిస్తుంది. నీళ్లు పడ్డాయో లేదో చేద వేస్తే తెలుస్తుంది. గుడికి పోయి, కోడె తాడు పట్టుకుని ఒక చుట్టు తిరిగి, కట్టేసి హాయిగా ఇంటికి రావచ్చు. గిర్ని దొర భార్య రాధాబాయి మొక్కిన మొక్కు అలాంటిది కాదు. "మా ఇంటాయన కోపం పోతే కోడెను కడత" అని మొక్కిందామె. ఇక చూడండి తిప్పలు.

గిర్ని దొర అసలు పేరు సీతారాంరావు. కరీంనగర్‌కు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో వడ్లు పట్టే గిర్ని ఆయనది. యాభై ఆరేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా ఇంజన్ చప్పుడు పక్కన నిలబడి అరిచీ అరిచీ గొంతు పెద్దదైందని ఆయన వాదన. "నాకు కోపమేంది? నా గొంతే గంత" అనేవాడు. మరి ఇంజన్ ఆపాక కూడా అదే గొంతు ఎందుకుంటుందని అడిగే ధైర్యం ఎవరికుంది? అన్నం పలుకైతే కంచం ఎగిరేది. చాయ్ చల్లారితే చెంబు ఎగిరేది. ఆ ఇంట్లో సొట్ట పడని ఇత్తడి చెంబు ఒక్కటి చూపిస్తే నేను చెవి కోసిస్తాను. అయితే ఒక్క మాట మాత్రం ఆయన రొమ్ము విరుచుకుని చెప్పుకునేవాడు, పెళ్లాం మీద ఏనాడూ చేయి చేసుకోలేదని. అది నిజమే. చెంబులన్నీ గోడకే పోయాయి.

1984లో శివరాత్రి వెళ్లిన నాలుగో రోజు పొద్దున రాధాబాయి బట్టల సంచి పట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"భైంసకు పోతున్న, మా తమ్ముని ఇంటికి" అంది.

"ఎన్నొద్దులకు వస్తవ్?"

"రాజన్నకు మొక్కిన. మీ కోపం పోతే కోడెను కడతనని. పోయిన్నాడు ఒక కార్డు రాయుండ్రి, వచ్చి కడత."

సీతారాంరావుకు మొదట తల తిరిగిపోయింది. "పోయిందని ఎవలు చెప్పాలె?" అన్నాడు.

"మీరే చెప్పాలె. ఎవల కోపం వాళ్లకే ఎరుక. కని దేవుని కాడ అబద్ధం ఆడకుండ్రి."

"నిన్న నేనేమన్న అన్ననా? మొన్న అన్ననా?"

"ఏమనలే" అంది రాధాబాయి. అంతే. చెప్పులు వేసుకుని బస్సు వచ్చే సడక్ దాకా నడిచి వెళ్లిపోయింది.

ఆయన తల పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కంచం ఎగిరిన రోజు పోయి ఉంటే అర్థముండేది. చెంబు తగిలి గోడ సున్నం రాలిన రోజు పోయి ఉంటే సరే అనుకునేవాడు. ఏమీ జరగని రోజు తెల్లారి పోవడమేమిటి? నిన్నటి రోజులో ఒక్కొక్క గడియనూ ముందుకు పిలిచి చూసుకున్నాడు. పొద్దున చాయ్ తాగాడు, వేడిగానే ఉంది. స్నానం చేశాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాడు, బాగానే ఉంది. రాధాబాయి వంటింటి గోడ కింద కూర్చుని పప్పు ఏరుతుంటే, ఆ గోడ మొలకున్న గిర్ని తాళాలు తీసుకుని వెళ్లాడు. సాయంత్రం వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఎక్కడ వచ్చింది కోపం? ఎంత వెతికినా దొరకలేదు.

ఇద్దరు బిడ్డలు పెళ్లిళ్లై ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. ఇంట్లో ఇక ఆయన, వంట చేసి పెట్టే కనకవ్వ. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆమె లేని పూట ఆయనకు గుర్తు లేదు. పది రోజులకే ఇల్లు మింగేయడానికి వచ్చింది. కోపం పోగొట్టుకోవాలి, కార్డు రాయాలి, ఆమెను తెచ్చుకోవాలి. ఇంతే కదా, ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నాడు పాపం.

నిజంగానే మారాడాయన. చెంబు చేతికందితే కింద పెట్టాడు. మాట గొంతు దాకా వస్తే నీళ్లు తాగి మింగాడు. ఉగాది పోయింది, ఎండలు ముదిరాయి, నలభై రోజులు ఒక్క కంచం కూడా ఎగరలేదు. నలభై ఒకటో రోజు కార్డు తీసుకుని కూర్చున్నాడు. "క్షేమం" అని రాశాడు. తర్వాత కలం కదల్లేదు. కోపం పోయిందా, లేక కోప్పడేందుకు మనిషి లేక ఊరికే కూర్చుందా? బండికి కట్టని ఎద్దు పొడవలేదని సాధుజంతువు అంటామా? ఆ అనుమానం ఒకసారి పుట్టాక ఆయనకు నిద్ర పట్టలేదు.

ఎదుటివాళ్లను అడిగితే పోలా అనుకుని కనకవ్వను పిలిచాడు.

"కనకవ్వా, నా కోపం పోయిందా?"

"పోయింది దొరా, నీ బాంచెన్. ఎన్నడో పోయింది" అంది కనకవ్వ, ఆయన మాట ముగియకముందే.

"ఎన్నడో అంటే ఎన్నడు? జర సోచాయించి చెప్పు."

"మీరు ఎన్నడంటే గానాడే దొరా."

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నిజం చెప్పుమంటే గీ ఇచ్చకం మాటలేంది" అని లేచాడు. లేచినవాడు తను లేచిన సంగతి చూసుకుని మళ్లీ కూర్చున్నాడు. కనకవ్వ అప్పటికే పెరట్లో ఉంది.

ఇలా కాదు, పరీక్ష పెట్టుకోవాలి. మర్నాడు కనకవ్వతో, "ఇయ్యాల పప్పుల ఉప్పు వెయ్యకు. నాకు కోపం వస్తదో రాదో చూస్త" అన్నాడు. ఉప్పు లేని పప్పు దొర ముందు పెట్టడమంటే ఆమెకు పులి నోట్లో చేయి పెట్టడమే. ఆమె మొహం మాడిపోయింది. పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించి, ఏమైతే అయిందని చిటికెడు వేసింది. దొర కంచం ముందు కూర్చుని, శాంతంగా ఉండాలని గుండెనిండా గాలి పీల్చుకుని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు ఉంది. సరిగ్గా సరిపోయింది.

"ఉప్పు ఎందుకేసినవ్?" అన్న అరుపుకు పెరట్లో కోళ్లు చెదిరిపోయాయి.

ఉప్పు లేదని అరిచిన మగవాళ్లను నేను చూశాను. పప్పులో ఉప్పు సరిపోయిందని అరిచినవాడు మాత్రం ఈయనొక్కడే. అరిచాక తనకే నవ్వొచ్చింది, నవ్వు వెనకే ఏడుపొచ్చింది. ముద్ద కంచంలో వదిలేసి గిర్నికి నడిచాడు.

గిర్నిలో ఇంజన్ నడిపేది దేవసహాయం. మెథడిస్టు చర్చికి పోయే మనిషి. ఎంత పని ఉన్నా ఆదివారం పొద్దున గిర్ని తెరవడు, ఆ ఒక్క విషయంలో దొర అరిచినా కదలడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఆ చప్పుడు పక్కనే బతికారు. కరెంటు ఉన్నప్పుడు మోటారు, పోయినప్పుడు డీజిల్ ఇంజన్. ఆ రోజు ఇంజన్ ఆపి, బెల్టు పట్టా విప్పి, దేవసహాయం చేతులు తుడుచుకుంటున్నాడు.

"దేవసహాయం, నువ్వు అబద్ధమాడవు. చెప్పు. నా కోపం పోయిందా?"

"నాకు తెల్వది దొరా."

"తెల్వదంటే? దినమంత నా పక్కన ఉండేటోనివి."

"గిర్నిల ఉన్నంతసేపు మీరొక లెక్క ఉంటరు. ఇంట్ల ఎట్లుంటరో నేనెట్ల చెప్తా?" దేవసహాయం నూనె గుడ్డను ఇంజన్ మీద వేశాడు. "ఇంజన్ ఎట్ల నడుస్తున్నదో ఇంజన్‌ను అడిగితే చెప్తదా దొరా? పక్కకు నిలబడ్డోడు చెప్తడు. మీ ఇంట్ల పక్కకు నిలబడ్డది అమ్మగారు. ఆమెను అడుగుండ్రి."

"ఆమె నన్ను నన్నే అడుక్కొమ్మన్నది, నువ్వు ఆమెను అడుగుమంటున్నవ్" అన్నాడు సీతారాంరావు. పరేషాన్ అయిపోయాడు. ఇద్దరు మనుషుల మధ్య తన కోపం ఎక్కడో జారిపడింది, ఎవరికీ దొరకడం లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయనకు ఇంకో భయం పట్టుకుంది. ఒకవేళ కోపం నిజంగానే పోయి ఉండి, తను గుర్తుపట్టక కూర్చుంటే? తీరిన మొక్కు చెల్లించకపోతే రాజన్న ఊరుకుంటాడా? పోనీ చెల్లిద్దామంటే, పోని కోపానికి కోడెను కడితే దేవుడి ముందు అబద్ధమాడినట్టు. కడితే ఒక తప్పు, కట్టకపోతే ఒక తప్పు. ఎటూ పాలుపోక, ఆషాఢం వెళ్లాక ఒక సోమవారం బస్సెక్కి వేములవాడ పోయాడు. గుడి ముందు నిలబడితే ఏదో ఒకటి తేలుతుందని ఆశ.

ఆ రోజు జనం విపరీతం. కోడె మొక్కుల వాళ్ల వరుసలో నిలబడ్డాడు. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, "మొక్కు ఎవలిది?" అన్నాడు.

"మా ఇంటామెది."

"ఆమె ఏది మరి? మొక్కిన నోరు ఒకటి, తాడు పట్టే చెయ్యి ఒకటైతే ఎట్ల?"

అంతలోనే పక్క నుంచి ఒక కోడె వచ్చి ఆయన పాదం మీద కాలు పెట్టింది. పెట్టి తీయలేదు. తాడు పట్టుకున్న మనిషి లాగుతున్నాడు, అది జనాన్ని చూస్తూ తీరిగ్గా నిలబడింది. వరుసంతా నవ్వింది. మామూలుగా అయితే ఆ మనిషి ఏడు తరాలను సీతారాంరావు కడిగేసేవాడు. ఆ రోజు తన పాదాన్ని చూశాడు, దాని గిట్టను చూశాడు, దాని మొహం చూశాడు. నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేంత నొప్పి, అయినా నవ్వాడు. అది కాలు తీశాక, లోపల ఎక్కడైనా కోపం ఉందా అని వెతుక్కున్నాడు. లేదు. ఇంతమందిలో, ఇంత నొప్పిలో లేదంటే పోయినట్టే కదా. రాజన్నే కోడె కాలితో చెప్పించాడనుకున్నాడు. ఇంటికి కూడా పోకుండా, కుంటుకుంటూ జగిత్యాల మీదుగా పోయే బస్సెక్కి, నిర్మల్‌లో మారి, వానలో తడుస్తూ భైంసా చేరాడు. తడుస్తూ ఎందుకంటే, తొందరలో చేతిలో ఛత్రి ఉన్న సంగతే మరిచిపోయాడు.

రాధాబాయి తమ్ముడు చొక్కారావు పత్తి వ్యాపారి. బావను చూసి ఎదురొచ్చాడు, ఛత్రి అందుకుని గోడ మొలకు తగిలించాడు, వేడి జొన్నరొట్టె పెట్టించాడు. రాధాబాయి దూరంగా తలుపు పట్టుకుని నిలబడింది. సీతారాంరావు కోడె సంగతి చెప్పాడు. వాచిన కాలు చూపించాడు. పప్పులో ఉప్పు సంగతి కూడా దాచలేదు. అది విన్నప్పుడు ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో ఆయనకు లెక్క లేదు. "సోమవారం పోయి కడదాం" అంది. ఆ మాటకు ఆయన గుండెల మీది నుంచి వడ్ల బస్తా దించినట్టయింది.

తెల్లారింది. ఆమె సంచి సర్దుకుని, గోడ కింద కూర్చుని, పోయేలోపు మరదలికి సాయంగా చాటలో జొన్నలు చెరుగుతోంది. చెరుగుతూ ఆయనతో మాట్లాడుతోంది. "గా కోడె మీ కాలు మీద కాలేసిందంటే దానికి మీ సంగతి ఎరుక లేదన్నట్టు" అని వెక్కిరిస్తోంది కూడా. బస్సు వేళ కనుక్కుని వద్దామని ఆయన లేచాడు. బయట జల్లు పడుతోంది. ఛత్రి ఆమె తల మీది మొలకుంది. నవ్వుతూనే చేయి ఎత్తాడు.

చాట కింద పడింది. జొన్నలు గదంతా చెల్లాచెదురయ్యాయి. రాధాబాయి రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, మోకాళ్లలో మొహం దాచుకుని ముడుచుకుపోయింది.

ఆయన చేయి గాల్లోనే ఉంది. దించాలా, ఉంచాలా తెలియలేదు. గబుక్కున దించితే ఇంకా ముడుచుకుంటుందేమోనని మెల్లగా, చాలా మెల్లగా దించాడు. ఛత్రి మొలకే ఉండిపోయింది.

"ఏం లేదు, ఏం లేదు" అంటూ ఆమె చేతులు తీసి జొన్నలు ఎత్తుకోసాగింది. "ఉత్తగనే. చేతులు వాటికవే లేస్తయ్."

ఏనాడూ నిన్ను కొట్టలేదు కదా అని అనబోయాడు. ముప్పై నాలుగేళ్లుగా నోట్లో నానిన మాట, ఈసారి బయటికి రాలేదు. వంటింటి గోడ గుర్తొచ్చింది. పప్పు ఏరుతున్న రాధాబాయి గుర్తొచ్చింది. తాళాలు గుర్తొచ్చాయి.

"ఆనాడు గూడ గిట్లనే అయిందా?" అన్నాడు. "తాళాలు తీసిననాడు?"

ఆమె తల ఎత్తలేదు. "మీరు చూడలే. తీస్కొని పోయిండ్రు." గుప్పెడు జొన్నలు చాటలో పోసింది. "ఆనాడు మీకు కోపం లేకుండె. ఏదో పాట గూడ అనుకుంటున్నరు. గందుకే నాకు బుగులైంది. కోపమున్నప్పుడు భయమైతే సరే. ఏం లేనప్పుడు గూడ చేతులు లేస్తున్నయంటే, ఇగ ఇవి దిగేదెన్నడు అనుకున్న."

సీతారాంరావు నేల మీద కూర్చుని జొన్నలు ఏరడం మొదలుపెట్టాడు. ఆరు నెలలుగా తన లోపలే వెతుక్కున్నాడు, ఉందా పోయిందా అని. అది తన లోపల ఉంటే కదా. అది ఎప్పుడో ఇల్లు మారి ఆమె చేతుల్లోకి చేరింది. తను శాంతంగా ఉంటే అది పోతుందా? ఎన్నేళ్లకు పోతుంది? ఎవరిని అడగాలి? ఆయనకు ఏమీ తెలియలేదు. సిగ్గు మాత్రం తెలిసింది.

"నువ్వు ఇప్పుడే రాకు" అన్నాడు చివరికి. "మొక్కు తీరలే. నాకు తెల్వక వచ్చిన."

"అక్కను తోల్కపోతనని వచ్చి ఒక్కరే పోతున్నరేంది బావా?" అని చొక్కారావు బస్టాండు దాకా అడుగుతూనే ఉన్నాడు. సీతారాంరావు తల వంచుకుని బస్సెక్కాడు.

ఊరికి వచ్చిన మర్నాడు దేవసహాయాన్ని ఇంటికి పిలిపించి, గోడల మీది మొలలన్నీ పీకించాడు. తాళాలవి, లాంతరుది, అంగీలవి, జల్లెడది, ఒక్కటీ వదల్లేదు. అన్నింటినీ మోకాలెత్తున కొట్టమన్నాడు.

"గింత కిందికా? ఎందుకు దొరా?"

"నా చెయ్యి ఎత్తే పని లేకుండ."

దేవసహాయం ఆయన మొహం వంక ఒకసారి చూసి సుత్తి అందుకున్నాడు. దొరకు పిచ్చి లేసిందని కనకవ్వ ఊరంతా చెప్పి వచ్చింది. మొలలు దించితే చేతులు దిగుతాయా? ఆ సంగతి దొరకు కూడా తెలియదు. అయినా ఇంకేం చేయాలో తోచలేదు. నాలుగు కార్డులు చింపి ఐదోది రాశాడు. "ఇక్కడ క్షేమం. మొక్కు తీరలేదు. ఎప్పుడు తీరుతుందో నాకు తెలియదు. మొలలు కిందికి కొట్టించాను." అంతకన్నా ఒక్క ముక్క పడలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రాధాబాయి బట్టల సంచితో గడపలో నిలబడింది.

ఆయన నోరు తెరిచాడు. "మొక్కు తీరలేదని రాసిన గద?"

"గందుకే వచ్చిన."

"పోయిందని రాస్తే?"

"వచ్చేదాన్ని కాదు. పోయిందని మీరు ఇదివరకు శానసార్లు అన్నరు."

సీతారాంరావుకు బుర్ర గిర్రున తిరిగింది. పోయిందని రాయడానికి ఆరు నెలలు నానా తంటాలు పడ్డాడు. పోలేదని రాస్తే ఈమె వచ్చింది. ఇందులో కిటుకు ఏమిటో పట్టుకుందామని చూశాడు గానీ చేతికి చిక్కలేదు. ఆమె మాత్రం లోపలికి పోయి, సంచి తగిలించబోయి, గోడ వంక చూసి ఆగిపోయింది. వంగింది. నడుము పట్టుకుంది. మళ్లీ లేచింది.

"గింత కిందికి ఎవలు కొట్టుమన్నరు? సంచి తగిలియ్యాలంటే సాష్టాంగం పడాల్నా? ఏం మనిషివయ్యా నువ్వు" అంది.

గొంతు పెంచి అంది. 'మీరు' అనడం మరిచి అంది. ముప్పై నాలుగేళ్లలో ఆమె గొంతు ఆ ఎత్తుకు లేవడం ఆ ఇంటి గోడలు వినలేదు. పెరట్లో కనకవ్వ చేతిలో చీపురు ఆగిపోయింది. సీతారాంరావు నిలబడ్డచోటే నిలబడి లోపల వెతుక్కున్నాడు, కోపం వచ్చిందా అని. రాలేదనే అనిపించింది. అనిపించిందని పైకి అనలేదు. అలాంటి మాటల మీద ఆయనకు ఇప్పుడు నమ్మకం లేదు.

పొయ్యి దగ్గర నుంచి ఒక బొగ్గు ముక్క తెచ్చాడు. చేయి ఆమెకు కనిపించేలా, ముందుకు చాచి పట్టుకుని, దగ్గరికి వచ్చాడు.

"ఎంత ఎత్తు కావాల్నో నువ్వే చూపియ్యి" అన్నాడు.

రాధాబాయి ఒక్క క్షణం ఆయన్ని చూసింది. తర్వాత కుడిచేయి ఎత్తి, తన భుజానికి సమంగా గోడ మీద అరచేయి ఆనించింది. "గీడికి" అంది. ఆయన ఆ చేయి పక్కన బొగ్గుతో గీత గీశాడు.